గదికి టైల్స్ ఏసినం సరే, గుంత సంగతేంది?

వానలు షురూ అయినయంటే ఈ శీర్షికకు వచ్చే ప్రశ్నలన్నీ ఒక్క దిక్కే మర్లుతయి. మోషన్స్, టైఫాయిడ్, పసిరికలు, మోరి వాసన. ఈసారి వచ్చిన ఉత్తరాలల్ల, వాట్సాప్ మెసేజ్‌లల్ల సగానికి పైన లెట్రిన్ ముచ్చటే ఉన్నది. పేరు వెయ్యొద్దు సార్ అన్నోళ్లే ఎక్కువ, అందుకని ఎవ్వరి పేర్లూ వెయ్యలే, ఊరి దిక్కు మాత్రం రాసిన. కొన్నిటికి పొడుగు జవాబు, కొన్నిటికి రెండు ముక్కలే, ఏమనుకోకున్రి.

ప్రశ్న (మర్రిగూడ దిక్కు, నల్గొండ జిల్లా): సార్, మా ఊర్ల ఇంటింటికి లెట్రిన్ ఉంది. బహిరంగ మలవిసర్జన లేని గ్రామం అని బోర్డు గూడ పెట్టిన్రు. మిషన్ భగీరథ నల్లా నీళ్లు వస్తున్నయి. అయినా వానాకాలం వచ్చిందంటే పిల్లలకు మోషన్సే మోషన్స్. మరి లెట్రిన్లు కట్టి ఏం లాభమైనట్టు?

జవాబు: లాభం కాలేదని మాత్రం అనకున్రి. చీకటి పడేదాక కడుపు బిగబట్టుకొని కూసున్న ఆడోళ్లను అడిగితే లాభమేందో చెప్తరు. కానీ మీ ప్రశ్నల నిజమున్నది. 2014 అక్టోబర్ 2న స్వచ్ఛ భారత్ మొదలువెట్టినప్పటి నుంచి ఇంటికి 12 వేల సాయం ఇచ్చుకుంట పోయిన్రు, 2019 అక్టోబర్ 2 నాటికి దేశంల బయటికి పోవుడు బంద్ అయిందని ప్రకటించిన్రు. ఈ లెక్కల్ల ఎక్కువగ లెక్కపెట్టింది గదులను. గదికి ఫోటో తియ్యొచ్చు, గుంత మన్ను కింద ఉంటది కాబట్టి దానికెవ్వరు ఫోటో తియ్యరు, అక్కడనే తిప్పలంత.

రోగం సంగతి ఆలోచిస్తే చాన సీదా ఉంటది. కలరా గానీ టైఫాయిడ్ గానీ హెపటైటిస్ ఏ, హెపటైటిస్ ఈ అనే పసిరికలు గానీ పిల్లల రోటా వైరస్ గానీ, ఒకరి దొడ్డిలకెళ్లి బయటపడి ఇంకొకరి నోట్లెకు చేరాలె, అంతే దాని పని. నీళ్లల్లకెళ్లి చేరుతదా, చేతికెళ్లి చేరుతదా, ఈగ కాళ్లకు అంటుకొని అన్నం మీద వాలుతదా, పచ్చి కొత్తిమీరకు అంటుకొని వస్తదా, ఎన్ని తొవ్వలు దొరికితే అన్ని తొవ్వలు వాడుకుంటది. లెట్రిన్ గది కట్టుడంటే ఆ తొవ్వలల్ల పెద్ద తొవ్వ ఒకటి మూసినట్టు, మిగిలినయి తెరిచే ఉన్నయి.

మీ ఊర్ల ఒక్క పని చెయ్యున్రి. పొద్దున నల్లా నీళ్లు వచ్చే టైంకు ఒక్కసారి వాడకట్టంత తిరిగి చూడున్రి. నల్లా పైపు మోరిలకెళ్లి పోతున్నదా? నీళ్లు మంచిగ రావాలని నల్లా కాడ గుంత తవ్వి ఆ గుంతల బిందె పెట్టి పడుతున్నరా? ఎవరన్న పైపుకు డైరెక్ట్‌గ మోటార్ పెట్టి గుంజుతున్నరా? నీళ్లు బంద్ అయినంక పైపుల ప్రెషర్ ఉండదు, అప్పుడు ఏ జాయింట్ కాడ చిన్న పగులున్నా చుట్టున్న మోరి నీళ్లను లోపలికి పీల్చుకుంటది, మర్నాడు పొద్దున నల్లా తిప్పంగనే మొదలు వచ్చే నీళ్లు అవే. మోటార్ పెట్టి గుంజితే ఈ పీల్చుడు ఇంక ఎక్కువైతది. వానాకాలం గుంతలు నిండి మోరిలకు పొర్లుతయి, మోరి నిండి పైపు మీదికి వస్తది, పిల్లలకు మోషన్స్ వస్తయి. భగీరథ నీళ్లు ప్లాంటు కాడ శుద్ధమే, మన గల్లీల కరాబైతున్నయి.

ఇది కొత్త ముచ్చట కాదు. 1854ల లండన్ల కలరా వచ్చినప్పుడు జాన్ స్నో అనే డాక్టర్ ఏ ఇంట్ల ఎవరు సచ్చిపోయిన్రో రాసుకుంట పోతే దాదాపు అందరు బ్రాడ్ స్ట్రీట్ల ఒక్క చేతిపంపు నీళ్లు తాగినోళ్లే అని బయటపడ్డది. ఆ పంపు పక్కనే ఉన్న ఒక ఇంటి మరుగు గుంత బాయిలకు కారుతుండె. అప్పటికి కలరా క్రిమి సంగతి డాక్టర్లకు అసలు తెల్వనే తెల్వదు, అయినా పంపు హ్యాండిల్ పీకించిన్రు. 2007ల బ్రిటిష్ మెడికల్ జర్నల్ వాళ్లు 1840 తర్వాత వైద్యంల అన్నిటికన్న గొప్ప ముందడుగు ఏదని ఓట్లు పెడితే యాంటీబయాటిక్స్ రెండో నంబర్‌కు పోయినయి, మురుగు నీళ్లు తాగే నీళ్లు వేరు చేసుడే మొదటిదని గెలిచింది. నాకైతే ఇందుల ఆశ్చర్యమేం లేదు.

ఇంకొకటి మీ మర్రిగూడ, మునుగోడు దిక్కోళ్లకు ప్రత్యేకంగ చెప్పాలె. మీకు నీళ్లంటే ఫ్లోరైడ్ భయం, ఉండాలె గూడ, తరాల తరాలు కాళ్లు వంగిపోయిన ఊర్లు మనయి. నీళ్లల్ల పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతికి నీరీ సంస్థోళ్లు నల్గొండ టెక్నిక్ అని మన జిల్లా పేరే పెట్టిన్రు. కానీ ఫ్లోరైడ్ వేరు, క్రిమి వేరు. కాగబెడితే క్రిమి సస్తది, ఫ్లోరైడ్ పోదు, నీళ్లు ఆవిరై తగ్గినకొద్ది ఇంక చిక్కనైతది. అందుకని ఫ్లోరైడ్ ఉన్న బోరు నీళ్లు కాగబెట్టుకొని తాగుతున్నం, ఫికర్ లేదు అనుకునుడు తప్పు. భగీరథ నీళ్లే పట్టుకొని, అనుమానమొస్తే వాటినే బాగ మరిగించుకోన్రి, వానాకాలం చిన్నపిల్లలున్న ఇంట్లనైతే అనుమానం రాకున్నా మరిగించున్రి. చేతుల సంగతి గూడ ఉన్నది. దొడ్డికి పోయొచ్చినంక, అన్నం పెట్టే ముందల సబ్బుతోని కడుక్కుంటే మోషన్స్ కేసులల్ల దాదాపు మూడో వంతు తగ్గుతయని వైద్య పరిశోధనల్ల మల్ల మల్ల తేలింది. వట్టి నీళ్లతోని కడిగితే సరిపోదు, మన్నుతోని రుద్దితే అసలే వద్దు.

ప్రశ్న (జడ్చర్ల దిక్కు): కొత్త ఇల్లు కడుతున్నం అన్నా. మేస్త్రి ఏమంటడంటే, పన్నెండు ఫీట్ల లోతు ఒక్కటే గుంత తవ్వి సిమెంట్ రింగులు దింపుదం, మీ మనుమల కాలం దాక నిండదు అంటుండు. మా తమ్ముడేమో యూట్యూబ్ చూసి రెండు చిన్న గుంతలు చాలంటడు. ఎవరి మాట ఇనాలె?

జవాబు: ఈసారికి తమ్ముని మాటే ఇనున్రి. మేస్త్రిని తప్పు పడతలేను, ఆయనకు అందరు అడిగేది ఎన్నడూ నిండని గుంతనే. కానీ ఎన్నడూ నిండని గుంత అంటే దానర్థం ఏందంటే అండ్ల పడ్డదంత యాడికో పోతున్నది అని. యాడికి? పన్నెండు ఫీట్ల లోతంటే మన దిక్కు వానాకాలం ఊట నీళ్లు తగులుతయి, లేకుంటే బండ పగుళ్లు తగులుతయి. పాలమూరు, నల్గొండ నేల కింద ఉన్నది గ్రానైట్ రాయి, మెత్తటి మట్టిలనైతే మురుగు కొద్ది దూరం పోయేసరికి వడకట్టుకుంటది, బండ పగులుల పడితే వడకట్టేది ఏమీ లేదు, సీదా పక్కింటోళ్ల బోరులకు పోతది. లేకుంటే మీ బోరులకే.

రెండు గుంతల లెట్రిన్ లెక్క ఇట్లుంటది. అయిదారుగురు మనుషులున్న ఇంటికి ఒక్కో గుంత లోపల అడ్డం మూడు ఫీట్ల పైన, లోతు నాలుగు ఫీట్లకు అటు ఇటు చాలు. గుంత అడుగు మన్నే ఉండాలె, సిమెంట్ వెయ్యొద్దు. చుట్టు ఇటుక గోడ కడితే మధ్యల సందులు ఇడిసిపెట్టి జాలి లెక్క కట్టాలె, అప్పుడే నీళ్లు మన్నులకు ఇంకుతయి. రింగులే వేస్తామంటే బొక్కలున్న రింగులు వెయ్యున్రి. మీద గట్టి మూత. బేసిన్ నుంచి వచ్చే పైపు ఒక చిన్న డబ్బా లాంటి చాంబర్లకు వచ్చి రెండుగ చీలుతది, ఒక దానికి ఇటుక అడ్డం పెట్టి మూసి ఒక గుంతనే వాడాలె. అది నిండేసరికి మూడు నుంచి ఐదేండ్లు పడతది. నిండినంక దాన్ని మూసి రెండోది తెరవాలె. మూసిన గుంతను రెండేండ్లు ముట్టకుంటే అండ్ల ఉన్నది నల్లటి మన్ను లెక్క పొడి ఎరువు అయితది, వాసన ఉండది, నట్టల గుడ్లు గూడ సస్తయి. తీసి చెట్లకు ఏసుకోవచ్చు.

నమ్మకం కుదరని వాళ్ల కోసం 2017 ఫిబ్రవరిల వరంగల్ దిక్కు గంగదేవిపల్లిల అప్పటి కేంద్ర తాగునీరు, పారిశుధ్య శాఖ కార్యదర్శి పరమేశ్వరన్ అయ్యర్ స్వయంగ గుంతలకు దిగి ఎరువు తీసి చూపిచ్చిండు. పెద్ద ఐఏఎస్ ఆఫీసర్ గుంతల దిగుడేందని అప్పట్ల అందరు ముచ్చట పెట్టుకున్నరు, మంచిదే అయింది, రెండు గుంతల సంగతి అట్లనన్న చానమందికి తెలిసింది. ఈ మోడల్‌ను మన దేశంల ఊరూరికి తీసుకపోయింది సులభ్ సంస్థ, బిందేశ్వర్ పాఠక్ 1970ల పెట్టిండు దాన్ని.

మీరు మేస్త్రితోని కొట్లాడాల్సినవి కొన్ని ఉన్నయి. రెండు గుంతల మధ్యల కనీసం మూడు ఫీట్ల జాగ ఇడిసిపెట్టాలె, లేకుంటే ఒక దాని నీళ్లు ఇంకో దాంట్లకు వచ్చి రెండోది ఎన్నడూ ఎండదు. బోరు గానీ చేదబాయి గానీ ఉంటే గుంతకు ముప్పై నలభై ఫీట్లన్న దూరం, బండ నేల అయితే ఇంకెంత దూరం వీలైతే అంత, అది గూడ పల్లం దిక్కు గుంత, ఎత్తు దిక్కు బోరు. నల్లరేగడి అయితే నీళ్లు జల్ది ఇంకవు, గుంత చుట్టు ఇసుక, కంకర పోయించి సైజు కొంచెం పెంచుకోవాలె. ఎర్ర చెల్క, మొరం నేల అయితే అంత రంది లేదు. రాయి తగిలితే బ్లాస్టింగ్ చేసి లోతుకు పోవద్దు, గుంతను కొంచెం నేల మీదికి లేపి కట్టి చుట్టు మన్ను పోసుకోవచ్చు. స్నానం నీళ్లు, బట్టలుతికిన నీళ్లు ఈ గుంతలకు ఇడవద్దు, వాటికి వేరే ఇంకుడు గుంత తవ్వున్రి. బేసిన్ గూడ వాలు ఎక్కువున్న రూరల్ పాన్ దొరుకుతది, రెండు లీటర్ల లోపల నీళ్లకే సాఫ్ అయితది, బిందెలతోని నీళ్లు మోసుకొచ్చుకునే ఇంటికి ఇది చిన్న సంగతి కాదు.

సెప్టిక్ ట్యాంకే కావాలంటే కట్టుకోన్రి, పైసలు ఎక్కువైతయి గానీ తప్పేం లేదు, కానీ అది నిజంగ సెప్టిక్ ట్యాంక్ అయ్యుండాలె. లోపల అడుగు గూడ సిమెంట్ చేసి, మధ్యల గోడ కట్టి, బయటికొచ్చే నీళ్లకు ఒక ఇంకుడు గుంత పెట్టాలె. మన ఊర్లల్ల చానమంది ట్యాంక్ మంచిగనే కట్టి అవుట్‌లెట్ పైపును రాత్రికి రాత్రి మోరిల కలుపుతరు. మొదటి ప్రశ్న అడిగిన మర్రిగూడ ఆయనకు పిల్లల మోషన్స్ యాడికెళ్లి వస్తున్నయో ఇగ మీకు తెలిసే ఉంటది.

ప్రశ్న (మిర్యాలగూడ): మా ట్యాంక్ నిండింది. ఒక మనిషి వచ్చి లోపలికి దిగి తీస్తా, మూడు వేలు ఇయ్యున్రి అంటుండు. బండి పిలిస్తే గల్లీల పట్టదు. దిగనియ్యొచ్చా?

జవాబు: దిగనియ్యకున్రి. ఎంత బతిమిలాడినా, ఎన్నిసార్లు దిగిన అని చెప్పినా దిగనియ్యకున్రి.

మూసి ఉన్న ట్యాంక్‌ల హైడ్రోజన్ సల్ఫైడ్ అనే గ్యాస్ ఉంటది, కుళ్లిన గుడ్డు వాసన వచ్చేది అదే. తక్కువున్నప్పుడు వాసన వస్తది, బాగ ఎక్కువున్నప్పుడు ముక్కు పనిచెయ్యడమే బంద్ అయితది, వాసన పోయింది ఏం కాదు అనుకొని దిగినోడు రెండు మూడు గుక్కలల్ల పడిపోతడు. ఆయన్ను తీద్దామని దిగిన రెండో మనిషి, మూడో మనిషి గూడ పడిపోతరు, మనం పేపర్ల చదివే వార్తలన్నీ ఇట్లాంటివే. అగ్గిపుల్ల గీసి చూద్దామనుకోకున్రి, మీథేన్ గూడ ఉంటది, అంటుకుంటది.

మనుషులతోని మలం ఎత్తించుడును నిషేధించిన 2013 చట్టం ప్రకారం రక్షణ సామాన్లు లేకుంట మనిషిని సెప్టిక్ ట్యాంక్‌ల, మురుగు కాల్వల దించుడు నేరం. మొదటిసారికే రెండేండ్ల దాక జైలు, లేకుంటే రెండు లక్షల దాక జుర్మానా, రెండూ గూడ పడొచ్చు. కాంట్రాక్టర్ మీదనే కాదు, పని చేయించుకున్న ఇంటి ఓనర్ మీద గూడ పడతది. సచ్చిపోయినోళ్ల కుటుంబానికి 10 లక్షలు ఇయ్యాలని 2014ల సుప్రీంకోర్టు చెప్పింది, 2023 అక్టోబర్ల దాన్ని 30 లక్షలకు పెంచింది. ఇన్ని ఉన్నా ఆ పనికి దిగేది ఏ కులపోళ్లో మనందరికి తెలుసు, వాళ్లు దిగుడుకు అలవాటైన్రు అని మనం అనుకునుడే అన్నిటికన్న పెద్ద కంపు. మూడు వేలకు ఒక మనిషి పానం పెట్టి బేరమాడుతున్నం అన్నట్టు.

బండి గల్లీల పట్టకపోయినా ఫికర్ లేదు, వాళ్ల కాడ పొడుగు పైపులు ఉంటయి, బండి మెయిన్ రోడ్డు మీద ఆగినా పైపు గుంజుకొస్తది, ఫోన్ చేసినప్పుడే ఇల్లు రోడ్డుకు ఎంత దూరమో చెప్పున్రి. మున్సిపాలిటీల గూడ అడగున్రి, 14420 అనే హెల్ప్‌లైన్ ఈ పనికోసమే పెట్టిన్రు. ఇగ బండోన్ని ఒక్క మాట అడగాలె: తీస్కపోయింది యాడ పోస్తవు అని. ఊరి బయట వాగులనో, చెరువు శిఖం భూములనో పోస్తే మన ఇంటి కంపు ఊరి కంపు అయినట్టే. మురుగు శుద్ధి ప్లాంటు దగ్గరల ఉంటే అక్కడికే పోవాలె, మీరు అడిగితే వాళ్లకు గూడ భయముంటది. రెండు మూడేండ్లకోసారి తీపిచ్చుకుంటే ట్యాంక్ పొర్లే దాక రాదు.

ప్రశ్న (కోస్గి దిక్కు, నారాయణపేట జిల్లా): మేము బతుకుదెరువుకు పుణెల ఉంటం. ఊర్ల అమ్మా నాయినలకు 12 వేలకు ఇంకిన్ని ఏసి మంచిగ టైల్స్‌తోని లెట్రిన్ కట్టిచ్చినం. అమ్మ పోతది, నాయిన మాత్రం చెంబు పట్టుకొని చెల్కలకే పోతడు. ఇంట్ల తిని ఇంట్లనే దొడ్డికి పోవుడేందిరా అంటడు. ఎట్ల చెప్పాలె?

జవాబు: ఫోన్ల లొల్లి పెట్టుకుంటే వినడు బిడ్డా, పండుగకు ఊరికి పోయినప్పుడు పక్కన కూసొని అడుగు. మా అనుభవంల పెద్ద మనుషులు సాకు ఒకటి చెప్తరు, అసలు కారణం ఇంకొకటి ఉంటది. ఫీల్డ్ డ్యూటీల ఎన్ని ఊర్లు తిరిగినమో, మోకాళ్లు వంగవు అని నోరు తెరిచి చెప్పిన ముసలాయనలు బహుకొద్ది మంది. కింద కూసుంటే లేవరాదు, లేచేటప్పుడు పట్టుకోనీకి ఏమీ ఉండది, టైల్స్ మీద నీళ్లు పడితే జారుతది. చెల్కల అయితే గట్టు పట్టుకొని లేస్తడు. మీరు ఏసిన టైల్సే ఆయనకు భయమేమో చూడు.

గోడకు రెండు దిక్కుల ఇనుప పైపు హ్యాండిళ్లు కొట్టియ్యి, మధ్యల బొక్క ఉన్న కమోడ్ కుర్చీ మెడికల్ షాపులల్ల దొరుకుతది, బేసిన్ మీద పెట్టుకుంటే చాలు. లోపల బల్బు ఉన్నదా, బకెట్ల నీళ్లు ఎవరు నింపుతున్నరు గూడ చూడు. చాన ఇండ్లల్ల ఆ నీళ్లు మోసేది ఆడోళ్లే, ముసలాయన కోడలు మోసిన నీళ్లు పోసుకోనీకి సిగ్గుపడ్తడు, అది గూడ ఒక కారణమే.

ఇగ చెల్కల గాలి మంచిది అంటడు గద, గాలి మంచిదే, మన్ను సంగతే చెప్పు. కొంకి పురుగు అని ఒక రకం నట్టలు ఉంటయి, దొడ్డిలకెళ్లి మన్నుల పడ్డ గుడ్లు పిల్లలై ఉత్త కాళ్ల తోలు తొలుచుకొని మనిషి లోపలికి పోతయి, పేగులకు పట్టి రక్తం తాగుతయి. కారణం తెల్వకుంట రక్తం తక్కువైంది అంటుంటరు, ఇది గూడ ఒక కారణం. ప్రపంచంల 150 కోట్ల మంది కడుపుల ఇట్లాంటి మన్ను నట్టలు ఉన్నయని ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క. బడిపిల్లలకు ఫిబ్రవరి 10, ఆగస్టు 10 నాడు అల్బెండజోల్ గోలీలు ఇచ్చేది దీనికోసమే. మనుమడు సెలవులకొచ్చి ఉత్త కాళ్లతోని అదే చెల్కల ఆడుకుంటడు అని ఒక్క మాట చెప్పు, తన గురించి చెప్తే వినని తాత మనుమని గురించి చెప్తే ఇంటడు. ఎగతాళి మాత్రం చెయ్యకు. అప్పట్ల కొన్ని చోట్ల విజిల్ ఊదుడు, ఫోటోలు తీసుడు చేసిన్రు, దాంతోని మనుషులు లెట్రిన్‌కు రాలే, ఇంక దూరం పోయిన్రు.

ప్రశ్న (అచ్చంపేట, ఒక టీచరమ్మ): మా బడిల ఆడపిల్లలకు టాయిలెట్ ఉంది, నీళ్లు రావు, గొళ్లెం సరిగ లేదు. పిల్లలు పొద్దటి నుంచి సాయంత్రం దాక నీళ్లు తాగకుంట ఉంటున్నరు. ఎవరికి చెప్పాలె?

జవాబు: మీరు గమనించిన్రు, అదే సగం పని. నీళ్లు తాగకుంట, మూత్రం ఆపుకొని ఉండే పిల్లలకు మూత్రంల మంట, ఇన్ఫెక్షన్ మల్ల మల్ల వస్తది, కిడ్నీ దాక గూడ పోవచ్చు. మన ఎండలకైతే కళ్లు తిరిగి పడుతరు గూడ. నెలసరి రోజులల్ల బడికి రాకుంట ఇంట్లనే ఉంటరు, కొన్ని రోజులకు చదువు మీద మనసు పోతది, ఇంట్ల వాళ్లు పెండ్లి ముచ్చట తీస్తరు.

ప్రతి బడిల టాయిలెట్లు ఉండాలె, ఆడపిల్లలకు వేరేగ ఉండాలె అని 2012 అక్టోబర్ల సుప్రీంకోర్టు ఆరు నెలల గడువు పెట్టి చెప్పింది. సర్కారు బడులను బాగుచేసేతందుకు మన ఊరు మన బడి అని 2022 మార్చిల మీ పక్కన వనపర్తిల మొదలువెట్టినప్పుడు గూడ నీళ్లు వచ్చే టాయిలెట్లు అనే మాట అండ్ల ఉండె. ఇప్పుడు అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు ఉన్నయి, అండ్ల ఉన్నోళ్లు మహిళా సంఘాల అక్కలే, ఈ ముచ్చట మొగోళ్ల మీటింగ్‌ల కంటె అక్కడ జల్ది అర్థమైతది. కాగితం మీద రాసి ఇయ్యున్రి, నకలు మీ కాడ పెట్టుకోన్రి. కొత్త గది అడగకున్రి ముందల, గొళ్లెం, మూత ఉన్న చెత్త డబ్బా, పైన ఒక సింటెక్స్ ట్యాంక్ కనెక్షన్, రోజు కడిగే మనిషికి జీతం, ఇవి అడగున్రి. గది కట్టనీకి ఫండ్ జల్ది వస్తది, కడిగే మనిషి జీతం దగ్గరికొచ్చేసరికే అందరు అటు ఇటు చూస్తరు. ప్యాడ్లు బేసిన్‌ల ఎయ్యొద్దని పిల్లలకు మీరే చెప్పున్రి, ఒక్క ప్యాడ్ చాలు పైపు జామ్ కానీకి.

ప్రశ్న (దేవరకొండ దిక్కు తండా నుంచి): పాలు తాగే పిల్ల దొడ్డికి వాసన ఉండదు గదా, అది మోరిల పారేస్తే ఏమైతది?

జవాబు: అందరు చేసే పనే చెల్లె, కానీ వాసన లేకపోతే క్రిమి లేదని కాదు. చిన్నపిల్లలకే మోషన్స్ రోగాలు ఎక్కువొస్తయి కాబట్టి వాళ్ల దొడ్డిల క్రిములు పెద్దోళ్ల కంటె ఎక్కువే ఉంటయి. తీసి లెట్రిన్‌లనే పొయ్యి, బట్టలు ఉతికిన నీళ్లు గూడ అండ్లనే, తర్వాత సబ్బుతోని చేతులు కడుక్కొని పిల్లకు పాలియ్యి.

మోషన్స్ వస్తే అంగన్‌వాడీల గానీ ఆశమ్మ కాడ గానీ ఓఆర్ఎస్ ప్యాకెట్ తీస్కో, పెద్ద ప్యాకెట్ మొత్తం ఒక లీటర్ కాగి చల్లారిన నీళ్లల్ల కలపాలె. సగం ప్యాకెట్ సగం నీళ్లు అని అందాజుగ కలపొద్దు. రెండేండ్ల లోపల పిల్లకు మోషన్ అయినప్పుడల్లా సగం గ్లాసు లోపల, చెంచాతోని కొంచెం కొంచెం. కలిపిన నీళ్లు మర్నాటికి పారబొయ్యి. తల్లిపాలు ఆపొద్దు. జింక్ గోలీ గూడ ఇస్తరు, ఆరు నెలలు దాటినోళ్లకు రోజుకు 20 మిల్లీగ్రాములు, అంతకన్న చిన్నోళ్లకు సగం, మోషన్స్ తగ్గినా 14 రోజులు ఆపకుంట ఎయ్యాలె. కండ్లు లోపలికి పోయినా, మూత్రం రాకున్నా, దొడ్డిల నెత్తురు కనపడ్డా, పాలు గుంజకున్నా ఇంట్ల ఉంచకు, దవాఖానకు ఎత్తుకపో.

ప్రశ్న (సూర్యాపేట): లెట్రిన్ బాగ తెల్లగ కావాలని బ్లీచింగ్ పౌడర్ చల్లి దాని మీద యాసిడ్ పోస్తున్న. కండ్లు మండుతున్నయి, దగ్గు వస్తున్నది. పర్వాలేదా?

జవాబు: ఇయ్యాల్నే బంద్ చెయ్యమ్మా! రెండూ కలిస్తే క్లోరిన్ గ్యాస్ లేస్తది, తలుపు మూసుకొని చేస్తే పానం మీదికి వస్తది. ఒక రోజు ఒకటి, అది బాగ కడిగినంక ఇంకో రోజు ఇంకొకటి. అసలైతే సర్ఫ్ నీళ్లు, గట్టి బ్రష్ చాలు. యాసిడ్, ఫినాయిల్ బుడ్లకు బుడ్లు పోస్తే గుంతల మురుగును తినే మంచి బ్యాక్టీరియా గూడ సస్తది, గుంత జల్ది నిండుతది, కంపు ఎక్కువైతది.

ప్రశ్న (కేతేపల్లి దిక్కు, ఒక రైతు): హైదరాబాదోళ్ల మురుగంత మూసిల వచ్చి మా పొలాలకు పారుతున్నది. వాళ్లకు టాయిలెట్లు ఉన్నయి, మాకు రోగాలు ఉన్నయి. మేమేం చెయ్యాలె?

జవాబు: మీ కోపం నూటికి నూరు పాళ్లు న్యాయం. 1908 వరదల తర్వాత విశ్వేశ్వరయ్యను పిలిపించి హైదరాబాద్‌కు వరదల నుంచి కాపాడే చెరువులతోని పాటు భూగర్భ డ్రైనేజీ ప్లాన్ గూడ గీయించుకున్నరు. కానీ ఊరు ఎన్నో రెట్లు పెరిగింది, శుద్ధి ప్లాంట్లు అంత జల్ది పెరగలే, మిగిలింది వాడపల్లి కాడ కృష్ణల కలిసే దాక మన జిల్లాల మీదనే పారుతది. దీనికి జవాబు చెప్పాల్సింది పట్నమే, మీరు గాదు.

అయినా మీ పానం మీది కాబట్టి కొన్ని చెప్తున్న. నాటుకు, కలుపుకు దిగేటోళ్లకు గమ్ బూట్లు కొనియ్యున్రి, కూలోళ్లకు గూడ, చేతులకు పుండ్లుంటే దిగనియ్యకున్రి. పొలం నుంచి రాంగనే సబ్బుతోని కాళ్లు చేతులు కడుక్కోవాలె, పొలం కాడ అన్నం తినేముందల గూడ. అందుకోసం ఇంటికాడి మంచి నీళ్లు ఒక డబ్బల పట్టుకపోవాలె, కాల్వ నీళ్లతోని కడిగితే కడిగినట్టే కాదు. ఆ నీళ్లతోని పచ్చిగ తినే కొత్తిమీర, పుదీన, మెంతికూర పెట్టొద్దు, వరి గానీ గడ్డి గానీ అంత ఇబ్బంది లేదు. ఇంటిల్లిపాదికి నట్టల గోలీ ఎప్పుడెప్పుడు ఎయ్యాలో పీహెచ్‌సీ డాక్టర్ను అడగున్రి.

ప్రశ్న (మక్తల్): మా ఇంటి లెట్రిన్ పైపుకెళ్లి సాయంత్రం అయిందంటే గుంపులు గుంపులు దోమలు వస్తున్నయి. ఏ మందు కొట్టాలె?

జవాబు: మందు ఎందుకు, గుంత మీద నిలబెట్టిన గాలి పైపు మూతికి దోమల జాలి ముక్క గుంజి వైరుతోని కట్టున్రి, పాత కిటికీ జాలి అయినా సరే. గుంత మూతకు సందులుంటే సిమెంట్ పూయున్రి. మురుగు నీళ్లల్ల పెరిగే ఈ క్యూలెక్స్ దోమలతోనే బోదకాలు వ్యాపిస్తది, వాపు వచ్చినంక దాన్ని పూర్తిగ తగ్గిచ్చే మందు లేదు. ఏడాదికోసారి ఆశమ్మ ఇంటికొచ్చి బోదకాలు గోలీలు ఇస్తే కిటికీల పెట్టి మర్చిపోకుంట ఆమె ముందలనే మింగున్రి. జాలి కట్టేటప్పుడు పైపు మూతి మూసుకపోయేటట్టు ప్లాస్టిక్ కవర్ కట్టకున్రి, గాలి ఆడకపోతే కంపంత గదిలకే వస్తది.

బోరు నీళ్లు యాడ టెస్ట్ చేపియ్యాలె అని హాలియా, నకిరేకల్ దిక్కు నుంచి అడిగినోళ్లకు వచ్చే సంచికల రాస్త. బోరుకు, లెట్రిన్ గుంతకు ఎంత దూరముందో టేపు పెట్టి కొలిచి, ఆ లెక్క గూడ రాసి పంపున్రి, అప్పుడైతే సరైన జవాబు ఇయ్యొచ్చు.